కుంట, గుంట, గుంత

2022, ఎండాకాలం. అప్పట్లో మా ఆఫీసు మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ పదకొండో అంతస్తులో ఉండేది. లిఫ్టు కోసం నిలబడితే గడ్డం పెరిగేది. లోపల ఏసీ ఎంత చల్లగా ఉండేదంటే, నడి మే నెలలో కూడా మా రిసెప్షనిస్టు శాలువా కప్పుకుని, అప్పుడే ఎవరో సన్మానం చేసి వెళ్లినట్టు కూర్చునేది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఇంకో అద్దాల మేడ, అందులో మా మేడ, ఆ మేడ కిటికీలో బట్టతలతో నేను. అలాంటి చోట కూర్చుని, ఎక్కడో ఎవరి పొలంలోనో రోడ్డు ఎటు తిరగాలో తేల్చడం నా ఉద్యోగం. దాన్నే టౌన్ ప్లానింగ్ అంటారు.

ఈ పని పాతికేళ్లు చేస్తే ఒక జబ్బు పట్టుకుంటుంది. ఖాళీ నేల ఎక్కడ కనబడినా దాని మీద రోడ్లు, ప్లాట్లు, పార్కు, మూల మీద ట్రాన్స్‌ఫార్మరు కనబడతాయి. మా ఆవిడ పెనం మీద అట్టును నాలుగు ముక్కలు చేస్తుంటే "కార్నర్ బిట్ నాకు ఉంచు" అన్నవాణ్ణి. నల్లగండ్లలో మా బాల్కనీ నుంచి ఆవిడ పున్నమి చంద్రుణ్ణి చూపిస్తే, అంత జాగాకు అప్రోచ్ రోడ్డు లేదే అని బాధపడ్డవాణ్ణి.

ఆ వేసవిలో శ్రీధర్ గారు మా ఆఫీసుకు వచ్చారు. ఆయనదీ మా కృష్ణా జిల్లానే. ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, మీటింగుల గురించి పెట్టే మీటింగులకు తట్టుకోలేక ఉద్యోగం మానేసి, ఉన్నదంతా ఒక్క ప్రాజెక్టులో పెట్టిన మనిషి. గోపన్‌పల్లి దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే ఒక ఊరి అంచున పదిహేను ఎకరాలు. అందులో తోట ఇళ్లు కట్టాలి, అవి 'సస్టెయినబుల్' గా ఉండాలి. ఆ మాట ఆయన నోట్లో వక్కపలుకులా ఎప్పుడూ నానుతూనే ఉండేది.

"సస్టెయినబుల్ అంటే మీ ఉద్దేశం ఏమిటండీ?" అని అడిగాను.

"పడిన వాన చుక్క బయటికి పోకూడదండి. వాడిన నీళ్లు శుద్ధి చేసి మళ్లీ చెట్లకే పోయాలి. ఎండ మనిషి నెత్తి మీద పడకుండా సోలార్ పలకల మీద పడాలి. పిల్లలు కప్పల్ని చూడాలి. మా అబ్బాయి ఇంతవరకు కప్పను ఫోన్‌లోనే చూశాడండీ."

కప్పల కోసం కాలనీ కట్టే బిల్డరును నేను అంతకుముందు చూడలేదు. అప్పటిదాకా నా దగ్గరికి వచ్చినవాళ్లంతా కప్పల్ని ఖాళీ చేయించేవాళ్లే.

పదిహేను ఎకరాలూ ఆయన కొనలేదు. ఊళ్లో రైతులతో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు చేసుకుంటున్నారు. అంటే భూమి రైతుది, కట్టుబడి బిల్డరుది, తయారయ్యాక ఇళ్లలో ఇద్దరికీ వాటా. అందరూ ఒప్పుకున్నారు. మిగిలింది బాలమణమ్మ ఒక్కతే. ఆమెవి నాలుగెకరాలు, అవీ సరిగ్గా నడిమధ్యన. ఆమె సంతకం లేకపోతే మా ప్రాజెక్టు నడుం లేని మనిషిలా తల ఒకచోట, కాళ్లు ఒకచోట పడి ఉంటుంది.

సైటుకు వెళ్లాం. ఒకవైపు ఊరి చివరి ఇల్లు, దాని గోడకు పిడకలు. ఇంకోవైపు ఆకాశంలో నాలుగు క్రేన్లు, కొంగలు చేపల కోసం చూసినట్టు మా వైపే చూస్తున్నాయి. బాలమణమ్మకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, గొంతు మాత్రం మియాపూర్ బస్ డిపోలో మైకు లేకుండా బస్సులు పిలవగలిగినంత ఉంది. ఆమె కొడుకు మహేశ్ ఐటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు. తెల్ల చొక్కా, చెవిలో ఇయర్‌ఫోను, మాటల్లో వినయం.

"సంతకం పెడుత సారూ," అంది ఆమె నాతో. "గని నాకొక్క మాట ఇయ్యాలె."

"చెప్పండమ్మా."

"మా మూడు గుంటలు ముట్టొద్దు. ఆడ ఇల్లు గట్టొద్దు, రోడ్డెయ్యొద్దు. గట్లనే ఇడిసిపెట్టాలె."

చేత్తో పల్లం వైపు చూపించింది.

"అంతేనా?"

"గంతే. ఇంకేం వద్దు నాకు."

శ్రీధర్ గారు నా వైపు చూశారు. నేను పెద్దమనిషి తరహాలో తల ఊపాను. "తప్పకుండా అమ్మా. మాటిస్తున్నాను" అన్నాను. మహేశ్ ఏదో అనబోయి, ఫోన్ మోగితే పక్కకు వెళ్లిపోయాడు. ఆ ఫోనే మోగకపోయి ఉంటే మీకు చెప్పడానికి నా దగ్గర ఈ కథ ఉండేది కాదు.

ఇక్కడ కొంచెం వ్యాకరణం చెప్పాలి. భయపడకండి, తొందరగా ముగిస్తాను. తెలంగాణలో భూమిని గుంటల్లో కొలుస్తారు. గుంట అంటే నూట ఇరవై ఒక్క గజాలు, నలభై గుంటలైతే ఎకరం. మా వైపు సెంట్ల లెక్క. ఇక్కడికి వచ్చిన కొత్తలో "నాకు పది గుంటలున్నయ్" అని ఎవరైనా అంటే, పాపం అన్ని గోతులు ఉంటే సేద్యం ఎలా చేస్తాడో అనుకునేవాణ్ణి. తర్వాత తెలుసుకున్నాను. తెలుసుకున్నాక ఊరుకోవాల్సింది.

నాకు చిన్నప్పుడు తెలుగు చెప్పిన మాస్టారు సంధులు రానివాడు మనిషే కాదనేవారు. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. మాట మధ్యలో 'క' వస్తే 'గ', 'త' వస్తే 'ద' అయిపోతుంది. మరి మూడు, కుంటలు కలిస్తే? మూడు గుంటలు! కుంట అంటే చిన్న చెరువు. పైగా ఆ రోజు నా చేతిలో ఆ సైటు కాంటూర్ మ్యాపు ఉంది. నేల ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో గీతల్లో చూపించే పటం అది. అందులో ఆమె చూపించిన వైపే, వాలు వెంట ఒకదాని కింద ఒకటి, మూడు పల్లాలు గుండ్రంగా, అచ్చం పొంగనాల గుంటల్లా కనబడుతున్నాయి.

నాలుగెకరాల ఆసామి మూడు గుంటల జాగా కోసం అంత పట్టుబడుతుందా? ఆమె అడుగుతున్నది భూమి కాదు, నీళ్లు! ఊరి ప్రాణం లాంటి మూడు కుంటలు! నా ఒళ్లు పులకరించింది. కారులో తిరిగి వస్తూ శ్రీధర్ గారికి ఈ సంధిని గచ్చిబౌలి ఫ్లైఓవర్ దాకా వివరించాను. ట్రాఫిక్ పుణ్యాన నాకు సమాసాలు కూడా చెప్పేంత సమయం దొరికింది.

"అంటే ఇది హెరిటేజ్ వాటర్ సిస్టమ్ అన్నమాట!" అన్నారాయన, కళ్లు మెరిపిస్తూ.

"గొలుసుకట్టు అండీ. పైది నిండితే నడిమిది, నడిమిది నిండితే కిందిది. రాజుల కాలం నాటిదై ఉంటుంది."

'ఉంటుంది' అన్నాను. అయితే ఆఫీసుకు చేరేసరికి అది 'ఉంది' అయింది. డ్రాయింగులో పెట్టేసరికి రాజుగారికి ఏనుగు కూడా వచ్చింది.

నిజం చెప్పాలంటే, నా సర్వీసులో అంత ఇష్టంగా గీసిన లేఅవుట్ ఇంకోటి లేదు. మామూలుగా మేం ముందు రోడ్లు గీస్తాం, తర్వాత ప్లాట్లు, ఆ మిగిలిన వంకర ముక్కకు పార్కు అని పేరు పెడతాం. ఈసారి ముందు నీళ్లు గీశాను. మూడు కుంటలు. రోడ్డు పక్కన సిమెంటు కాలవకు బదులు బయోస్వేల్, అంటే గడ్డి నాటిన పల్లపు కాలవ, వాన నీటిని వడకట్టుకుంటూ మెల్లగా కుంటలోకి దింపేది. ఇళ్లన్నీ నీళ్ల చుట్టూ, నీళ్లను చూసేట్టు. మూడో కుంటను పల్లం అంచుకు బాగా జరిపి, పెద్దది చేసి, మధ్యలో చెక్క వంతెన కూడా పెట్టాను. ఆ వంతెన మీద బొమ్మలో ఒక జంటను నిలబెట్టాను. ఆ అబ్బాయి కప్పను చూపిస్తున్నాడు.

జూన్ మొదట్లో సైటు దగ్గరే షామియానా వేసి, రైతులందరినీ పిలిచి, పెద్ద ఫ్లెక్సీ మీద ప్లాను చూపించాం. నేను లేజర్ పాయింటరు పట్టుకుని, రాజుల కాలం నుంచి మొదలుపెట్టాను. గొలుసుకట్టు గొప్పతనం చెబుతున్నాను. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఆయన ఇంకొకాయనకు చెప్పాడు. నవ్వు అలలా వెనక్కి పోయి, మళ్లీ ముందుకు వచ్చింది.

"ఏమైందండీ?" అన్నాను.

"ఏం లేదు సారూ, జెప్పు జెప్పు. మంచిగ జెప్తున్నవ్."

"కాదు, చెప్పండి."

పెద్దాయన లేచాడు. "గవి కుంటలు గావు సారూ. గుంతలు. మొరం గుంతలు. మీ హైటెక్ సిటీ రోడ్లు ఏసేటప్పుడు టిప్పర్లల్ల మొరం తవ్వుకపోయిండ్రు గాదు, గవే. ఏ రాజు తవ్వలే. మా బామ్మర్ది జేసీబీ తవ్వింది."

షామియానా మొత్తం ఘొల్లుమంది. ఆ మొరం మీదే నేను ప్రతిరోజూ రెండు పూటలా ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఈ నగరానికి చరిత్ర మీద గౌరవం లేదని తిట్టుకుంటూ ఉండేవాణ్ణి.

శ్రీధర్ గారి మొహం బ్రోషర్ అచ్చుకు ఇచ్చిన మనిషి మొహంలా ఉంది. ఇచ్చారు కూడా. నేను తేరుకుని, చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆయుధం వాడాను. "సరే, గుంతలే అనుకుందాం. కానీ బాలమణమ్మ గారు అడిగారు కదా! అమ్మా, ఇదిగో చూడండి, మీ మూడూ అలాగే ఉంచాం" అని ఎర్ర చుక్కను మూడో కుంట మీద, సరిగ్గా వంతెన పక్కన నిలబెట్టాను.

ఆమె లేచి ఫ్లెక్సీ దగ్గరికి వచ్చింది. నీలం రంగు మీద చెయ్యి పెట్టింది. చింతచెట్టు బొమ్మ వెతికింది, బాటను వేలితో కొలిచింది. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది.

"గీడనేనా నీళ్లు?"

"అవునమ్మా."

"గీడ మా ఇంటాయన ఉన్నడు."

నేను జనంలోకి చూశాను. వెనక వరసలో కుర్చీ దొరకక నిలబడ్డవాళ్లు కొందరున్నారు. "అలాగా! ఏరమ్మా? ముందుకు రమ్మనండి, ఆయనకూ చూపిస్తాను" అన్నాను ఉత్సాహంగా.

ఒక్కసారిగా అందరి నవ్వూ ఆగిపోయింది.

"ఆయన రాడు సారూ," అంది బాలమణమ్మ. "మనమే పోవాలె."

మనమే వెళ్లాం. పల్లం అంచున, మూడో గుంతకు కొంచెం పైన, చింతచెట్టు పక్కన ఒక మట్టి దిబ్బ. దాని మీద రెండు షాబాదు బండలు, తల వైపు ఒక రాయి, దానికి పాత పసుపు. మా సర్వేవాళ్లు దాన్ని డ్రాయింగులో 'రాళ్ల కుప్ప' అని రాశారు. పక్కనే ఇంకో పాత దిబ్బ, అది ఆమె అత్తగారిది.

ఇక్కడ చాలా కుటుంబాల్లో పోయినవాళ్లను సొంత పొలంలోనే పెట్టుకుంటారు. గోరీ అంటారు. పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు వచ్చి నీళ్లు చల్లి, వాళ్లకు ఇష్టమైంది ఆకులో పెట్టి, ఒక చుక్క కల్లు పోసి పోతారు. మా వైపు ఊరికంతా ఒకటే శ్మశానం, అదీ ఊరి బయట. పాతికేళ్లుగా ఈ నగరం చుట్టూ పొలాల్లో రోడ్లు గీస్తున్నాను కానీ, ప్రతి సైటూ నా దగ్గరికి చదును చేసే వస్తుంది కాబట్టి, చదును కాకముందు అక్కడ ఎవరుండేవారో నాకు తెలిసే అవకాశమే రాలేదు.

ఆమె అడిగినవి కుంటలూ కావు, గుంతలూ కావు. అచ్చంగా మూడు గుంటలు. మూడు వందల అరవై మూడు గజాలు.

"బతికినప్పుడే నీళ్లంటే భయం సారూ ఆయనకు," అంది బాలమణమ్మ ఆ బండ మీద ఆకులు తీసేస్తూ. "ఈత రాదు. మోకాలి లోతుకు దిగకపోవు. ఇప్పుడు తెచ్చి నడి నీళ్లల్ల ముంచుతరా? పైకెల్లి వంతెనొకటి!"

శ్రీధర్ గారు నన్ను పక్కకు లాగారు. "ఇది లోపల ఉంటే ఒక్క ఇల్లు అమ్ముడుపోదండీ. మనవాళ్లు వీధిపోటు ఉంటేనే కొనరు. గోరీ అంటే ఆ వరసంతా ఖాళీయే. ఇతరచోట్ల షిఫ్ట్ చేస్తున్నారటగా. ఖర్చంతా నేను పెట్టుకుంటాను, పూజలు చేయిస్తాను. గ్రానైట్‌తో కట్టిస్తాను."

మహేశ్‌కు ఆ మాట వినబడింది. అతను తల్లి దగ్గరికి వెళ్లి నెమ్మదిగా అన్నాడు: "అవ్వా, సార్లు గంత మర్యాదగ అడుగుతున్నరు. మనూరి శ్మశానంల మంచిగ కట్టిస్తరట. నాయిన ఏమన్నా అనుకుంటడా? నాకొక ఇల్లుంటే సాలని తిరిగిండు గదా ఆయన."

"నువ్వు కిరాయింట్ల ఉన్నవ్ కొడుకా, నిన్ను ఖాళీ చెయ్యమంటే చేస్తవ్," అంది ఆమె. "ఆయన కిరాయికున్నడా? సొంత జాగల పండుకున్నడు."

ఇంక నా వైపు తిరిగింది. "మాటిస్తున్ననంటివి గదా సారూ."

దానికి సంధి విడదీసి తప్పించుకునే దారి నాకు కనబడలేదు. సంతకం పెట్టకుండానే ఆమె వెళ్లిపోయింది.

తర్వాతి రోజులు ఆఫీసులో నా పని ఆ డ్రాయింగును చూస్తూ కూర్చోవడమే. మా రిసెప్షనిస్టు జాలిపడి తన శాలువా ఇస్తానంది. శ్రీధర్ గారు పూటకోసారి ఫోను చేసేవారు. వేప మొక్కలతో కప్పేస్తే? చుట్టూ ఎత్తు గోడ కడితే? 'మెడిటేషన్ మౌండ్' అని పేరు పెడితే? పేరు మార్చి పెట్టడంలో మా రంగానికి సాటి లేదు. మురికి కాలవను 'కెనాల్ వ్యూ' అని అమ్మినవాళ్లం. కానీ మనిషిని పెట్టిన చోటుకు ఏ పేరు పెడతాం?

చివరికి నాకు దారి చూపించింది ఆ మొరం గుంతలే. రాజు తవ్వలేదన్న మాట నిజమే. అయినా వాన నీటికి వంశవృక్షం అక్కర్లేదు కదా, పల్లం కనబడితే చాలు. మొదటి రెండు గుంతలనూ అలాగే కుంటలుగా ఉంచాను. మూడోదాన్ని నేను వంతెన కోసం అనవసరంగా పెంచాను కాబట్టి, దాన్ని కోసి, అసలు గుంత ఉన్నంత మేరకే తగ్గించి, కిందికి జరిపి, పై వైపు కట్ట వేశాను. కాలనీలో పచ్చదనం కోసం చట్టప్రకారం వదలాల్సిన ఖాళీ జాగా ఉంటుంది. దాన్ని తెచ్చి కట్టకు ఇవతల పెట్టాను. ఆ పైన బాలమణమ్మ మూడు గుంటలు. వాటిని అసలు అగ్రిమెంటులోంచే తీసేశాను. ప్రహరీ గోడ అక్కడ లోపలికి వంగి, ఎవరో ఒక ముక్క కొరికిన రొట్టెలా ఉంటుంది.

శ్రీధర్ గారు చూసి, "అయితే గోరీ మన కాలనీ లోపల ఉన్నట్టేగా?" అన్నారు.

"లోపల లేదండీ. మనమే దాని పక్కన ఉన్నాం."

ఆయనకు అది నచ్చలేదు, కానీ వేరే దారి కూడా లేదు. ఇద్దరం కలిసి మళ్లీ ఊరికి వెళ్లాం. బాలమణమ్మ ఇంటి అరుగు మీద డ్రాయింగు పరిచాను. మహేశ్ చాయ్ తెచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఆయన పొడిగనే ఉంటడా?"

"చుక్క కూడా తగలదమ్మా. మధ్యలో కట్ట ఉంది."

"ఆడికి నేనెట్ల పోవాలె?"

"మా మెయిన్ గేటులోంచి రావచ్చు. సెక్యూరిటీకి చెప్పి ఉంచుతాం. ఎప్పుడైనా రావచ్చు" అన్నారు శ్రీధర్ గారు ధారాళంగా.

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. "నల్లగండ్ల అపార్టుమెంట్లకు నేను పాలు పోసిన సారూ. గేటు కాడ ఫోను చెయ్యాలె, లోపటోళ్లు నంబరు జెప్పాలె, గప్పుడు పోనిస్తరు. ఓటీపీ అంటరు. సరే, బతికున్నన్ని దినాలు చెప్పుకుంట పోత. నేను సచ్చినంక నన్ను ఆయన పక్కకు తీస్కొస్తరు గదా. గప్పుడు గేటు కాడ నా ఓటీపీ ఎవరు చెప్పాలె? నేనా?"

మహేశ్ నవ్వబోయి, ఆగిపోయి, తల దించుకున్నాడు. శ్రీధర్ గారి మొహంలో రంగు మారింది. ఎవరితో అంటున్నారో తెలియనట్టు అన్నారు: "మా నాన్నగారు కరోనాలో పోయారండీ. నేను ఫోన్‌లో చూశాను. దహనం ఎక్కడ చేశారో, ఏ దారిన తీసుకెళ్లారో కూడా నాకు తెలీదు."

తర్వాత నా వైపు తిరిగి, "దారి వేరే వేయండి సార్. గేటు లేకుండా. ఊళ్లోంచి నేరుగా" అన్నారు.

మా వృత్తిలో డిజైన్ వెహికల్ అని ఒక మాట ఉంది. ఏ రోడ్డు గీసినా, దాని మీద తిరగాల్సిన వాటిల్లో అన్నిటికంటే పెద్ద బండి ఏదో ముందు తేల్చుకోవాలి. ఫైరింజనా, చెత్త లారీనా, స్కూలు బస్సా. దాని వెడల్పును బట్టి రోడ్డు వెడల్పు, అది తిరిగే తీరును బట్టి మలుపు గుండ్రం. నా జీవితంలో ఫైరింజన్లకు, క్రేన్లకు, ఒకసారి సినిమావాళ్ల జనరేటర్ వ్యానుకు కూడా రోడ్లు గీశాను. ఈ దారికి డిజైన్ వెహికల్ పాడె.

అరుగు మీద కూర్చునే అడిగాను. "అమ్మా, మీ ఇళ్లల్లో ఎంతమంది మోస్తారు?"

"నలుగురు. పక్కపొంటి ఇంకో నలుగురుంటరు భుజం మార్చుకునేటందుకు."

"ముందు?"

"డప్పులుండయా మరి? డప్పులోళ్లు ఎన్కకు నడుస్తరు, మనిషి దిక్కు మొకం పెట్టి. ఆళ్ల కాళ్లకు రాళ్లు తగలకుండ సదునుగ ఉండాలె."

రాసుకున్నాను. మహేశ్ అన్నాడు, "దింపుడు కళ్లం సార్. అది మర్చిపోవద్దు."

పాడెను దారి మధ్యలో ఒకసారి దింపి, పోయినవాళ్లను చెవిలో పేరు పెట్టి పిలిచే చోటు అది. ఒకవేళ ప్రాణం ఉందేమో, పలుకుతారేమో అని ఆఖరి ఆశ. అక్కడ అందరూ ఆగుతారు కాబట్టి దారి కొంచెం విశాలంగా ఉండాలి. బస్సు ఆగే చోటుకు లెక్క ఉంది, కారు ఆపే చోటుకు లెక్క ఉంది. మనిషిని చివరిసారి పిలవడానికి ఎంత జాగా కావాలో ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. మహేశ్ లేచి వాకిట్లో నిలబడి చూపించాడు. ఇక్కడ తల, ఇక్కడ చుట్టాలు, ఇక్కడ పిలిచే కొడుకు. తాను నిలబడ్డది ఎవరి చోటో మధ్యలో అతనికి గుర్తొచ్చినట్టుంది.

"గంతనే సాలు సార్," అన్నాడు చివరికి.

"ఏందిరా గంత మొకం పెట్టినవ్," అంది వాళ్లమ్మ. "ఇప్పుడే పోత లేను. ఇంకా నీ పెండ్లి జెయ్యాలె. నీ పరేషాన్ల నేనెక్కడ సస్త?"

ఆమె సంతకం పెట్టింది. పెట్టేముందు నేను ఒక్క సందేహం అడిగాను. "అమ్మా, ఇద్దరికి మూడు గుంటలెందుకు? ఒక్కో గుంటలో నల్లగండ్లలో ఐదంతస్తులు లేపుతారు."

"మా అత్త, ఆయన ఒక గుంటల ఉన్నరు. ఒకటి నాకు. ఒకటి అచ్చేటోళ్లు జర సేపు కూసునేటందుకు."

కాలనీ తయారైంది. ఆ గోరీ పక్క వరస ఇళ్లు శ్రీధర్ గారు భయపడ్డట్టే చివరిదాకా అమ్ముడుపోలేదు. వచ్చినవాళ్లు వంటగది చూసి, సోలార్ చూసి, కిటికీ తెరిచి కట్ట అవతల బండలు చూసి, ఆగ్నేయం ఎటు అని అడిగి వెళ్లిపోయేవాళ్లు. ఆయన ధర తగ్గించి ఇచ్చారు. ఆఖరి ఇల్లు అమెరికా షిఫ్టులో పనిచేసే ఒకాయన తీసుకున్నాడు. "పగలు పడుకోవాలి సార్. పక్కన టీవీ పెట్టరుగా?" అన్నది ఆయన ఒకే ఒక్క ప్రశ్న. పెట్టరని నేనే పూచీ ఇచ్చాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఈ కేసు నుంచి ఏం నేర్చుకున్నారని నన్ను అడుగుతారు. సస్టెయినబుల్ అన్న మాటకు నేను నీళ్లు, కరెంటు, చెట్లు అని మాత్రమే అర్థం చెప్పుకున్నాను. అక్కడ ఉన్నవాళ్లు అక్కడే ఉండగలగడం కూడా ఆ మాటలో ఉందని నాకు బాలమణమ్మ పొలంలో తెలిసింది. అప్పటినుంచి ఏ సైటుకు వెళ్లినా ఎన్ని ఎకరాలని గానీ, సర్వే నంబరు ఎంతని గానీ ముందు అడగను. "ఇక్కడ మీవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడుగుతాను. చాలామంది ఒక క్షణం నన్ను చూసి, నడవడం మొదలుపెడతారు. వెనకే వెళతాను.

మొన్న వానలు గట్టిగా పడ్డాక ఆ కాలనీకి వెళ్లాను. మూడు కుంటలూ నిండి ఉన్నాయి. కప్పలు ఎంత గట్టిగా అరుస్తున్నాయంటే, శ్రీధర్ గారి అబ్బాయి కిటికీలు మూయమని ఏడుస్తున్నాడట. ఊరి వైపు దారిన, దింపుడు కళ్లం కోసం వెడల్పు చేసిన చోట మహేశ్ క్యాబ్ ఆపి ఉంది. వాళ్లమ్మ మూడో గుంటలో చింతచెట్టు కింద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేవకుండానే పిలిచింది.

"రా సారూ, కూసో."

కూర్చున్నాను. నేల పొడిగా ఉంది. ఆమె కట్ట అవతలికి ఒకసారి చూసి, బండల వైపు ఒకసారి చూసి, చెవిటివాడికి చెప్పినట్టు ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి అంది:

"నీ మూడు... కుంటలు నిండినయ్. నా మూడు... గుంటలు తడవలే. ఇనబడ్డదా?"

వినబడింది.